ఈ భూమికి ఎన్ని జీవాలు ఆగుతయి?

మన సంఘం పుస్తకంలో ఇకామా గురించి, జీతం కేసుల గురించి, ఇంటికి పంపే డబ్బు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఈసారి గడ్డి గురించి రాస్తున్నాను. సివిల్ డిప్లొమా చదివి, పన్నెండేళ్లుగా కాంక్రీటు పోయిస్తున్నవాడికి గడ్డితో ఏం పని అని నవ్వకండి. మాది కురుమల ఇల్లు. మా తాత చచ్చేదాకా గొంగడి భుజం మీంచి దించలేదు. నాన్న మంద అమ్మి నన్ను పాలిటెక్నిక్‌లో చేర్పించాడు. కాబట్టి గడ్డితో నాకు కొంచెం లెక్క మిగిలి ఉంది.

సంగతి ఎక్కడ మొదలయిందో చెబుతాను. మూడేళ్ల కింద రియాద్ నుంచి తాయిఫ్ పోయే హైవే పక్కన మాకు ఒక చిన్న బిల్డింగు పని పడింది. చుట్టూ ఏమీ లేదు. రాళ్లు, ఇసుక, అక్కడక్కడ తుమ్మ జాతి చెట్లు. ఒక శుక్రవారం క్యాంపుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక డేరా కనిపిస్తే నడుచుకుంటూ పోయాను. గొర్రెల మంద, ఒక పాత నీళ్ల ట్యాంకు, షయీర్ బస్తాలు. షయీర్ అంటే బార్లీ. డేరాలోంచి వచ్చిన మనిషి నా మొహం చూసి హిందీలో మొదలుపెట్టి, రెండో మాటకే తెలుగులోకి దిగాడు. జగిత్యాల వైపు అన్న. వీసా మీద డ్రైవర్ అని ఉందట, వచ్చిన మూడో రోజు గొర్రెల దగ్గర దింపారట. ఈ కథ మీకు కొత్త కాదు. నేనూ అడగలేదు, ఆయనా సాగదీయలేదు.

టీ తాగుతూ మంద వైపు చూపించి ఆయన అన్నాడు: "తమ్మి, రెండు వందల ఎనభై ఉన్నయి. నువ్వు లెక్కల మనిషివి గదా. ఈ భూమికి ఎన్ని జీవాలు ఆగుతయి? మన దిక్కయితే చూసి చెప్తం. ఈడ నాకు అందుతలేదు."

నాకు వెంటనే జవాబు రాలేదు. కానీ ప్రశ్న మాత్రం నా పనికి చాలా దగ్గరిది. స్లాబ్ కింద సపోర్టులు ఇంకా తియ్యకముందే పైన సిమెంట్ బస్తాలు గుట్టగా పేర్చే హెల్పర్లను రోజూ అరుస్తుంటాను. స్లాబ్ ఎంత బరువు మోస్తుందో ముందే లెక్క ఉంటుంది. ఆ లెక్క దాటినా స్లాబ్ వెంటనే పడదు. ముందు కింద వెంట్రుకంత చీలిక వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు. భూమి కూడా అంతే అని తర్వాత చదివితే తెలిసింది. పడేదాకా మోస్తున్నట్టే కనిపిస్తుంది.

లెక్క ఇలా వేస్తారు. అర్థమయితే మీరు మీ ఊళ్లో కూడా వేసుకోవచ్చు. ఎనిమిది ఎమ్ఎమ్ రాడ్డు వంచి ఒక మీటరుకు ఒక మీటరు చట్రం చెయ్యండి. మేత భూమిలో ఒక పది చోట్ల దాన్ని పెట్టి, లోపల ఉన్న తినదగిన గడ్డి అంతా కొయ్యండి. మంచి చోట్లే ఏరుకోవద్దు, మన మేస్త్రీలు క్యూబ్ టెస్టుకు మంచి మాల్ పక్కన పెట్టినట్టు చెయ్యొద్దు. కోసింది బాగా ఎండబెట్టి తూచి, పదితో భాగించండి. చదరపు మీటరుకు ఇరవై గ్రాములు వచ్చిందనుకుందాం. హెక్టారుకు పది వేల చదరపు మీటర్లు, కాబట్టి రెండు వందల కిలోలు. ఇది నేను ఉదాహరణకు వేసిన అంకె, కానీ ఎడారిలో ఇలాంటి చిన్న అంకెలే వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రెండు వందల కిలోలూ గొర్రెవి కావు. సగమైనా భూమి మీద ఉండాలి, అప్పుడే వేరు బతికి మళ్లీ మొలుస్తుంది, విత్తనం రాలుతుంది. తొక్కిడికి, పురుగుకు, గాలికి ఇంకొంత పోతుంది. ఎండ భూముల్లో నూటికి ముప్పై వంతులు తినిపిస్తే చాలు అనుకుంటే చేతికి వచ్చేది అరవై కిలోలు. నలభై అయిదు, యాభై కిలోల గొర్రె రోజుకు సుమారు కిలోన్నర ఎండు మేత తింటుంది. ఏడాదికి అయిదు వందల నలభై ఏడు కిలోలు. అరవైతో భాగిస్తే తొమ్మిది హెక్టార్లు, అంటే ఒక్క గొర్రెకు ఇరవై రెండెకరాల పైచిలుకు. అదే మందను వానలు పడ్డాక మూడు నెలలు మాత్రమే అక్కడ మేపి లేపేస్తే? తొంభై రోజులకు నూట ముప్పై అయిదు కిలోలు, గొర్రెకు రెండుంబావు హెక్టార్లు చాలు. వాన తప్పి గడ్డి నాలుగో వంతే వచ్చిందనుకోండి, ఆ మూడు నెలలకే మళ్లీ తొమ్మిది హెక్టార్లు కావాలి.

అంటే "ఈ భూమికి ఇన్ని జీవాలు" అని బోర్డు రాసి పాతడానికి లేదు. ఆ అంకె వానతో పాటు కదులుతుంది, మంద ఎన్నాళ్లు నిలిచింది అన్నదానితో కదులుతుంది. స్లాబ్ డిజైనుకూ దీనికీ తేడా ఇక్కడే. మా స్లాబు బలం ఏటేటా మారదు. నేను ఆ అన్నకు రెండో శుక్రవారం పోయి ఇంతవరకే చెప్పగలిగాను. ఆయన ఒక నవ్వు నవ్వి, "గట్లనే మా తాత గూడ జెప్పె, గిన్ని గుణింతాలు లేకుండ" అన్నాడు. మా తాత సంగతీ అంతే. సాయంత్రం దొడ్డి కాడ నిలబడి లోపలికి పోయే జీవాల డొక్కలు చూసేవాడు, పొద్దున్నే పెంటికలు చూసేవాడు. డొక్క నిండకపోతే మర్నాడు మంద దారి మారేది. కాగితం లేకపోయినా లెక్క మాత్రం అదే.

ఆ తర్వాత నాకు ఒక పిచ్చి పట్టింది. ఈ సౌదీ దేశంలో వేల ఏళ్లుగా గొర్రెలు, ఒంటెలు మేపినవాళ్లు ఈ లెక్క ఎట్లా పెట్టుకున్నారు అని వెతకడం మొదలుపెట్టాను. దొరికిన మాట ఒకటే: హిమా.

అరబ్బీలో హిమా అంటే కాపాడి ఉంచిన చోటు. మన తెలంగాణ రెవెన్యూ కాగితాల్లో కంచ, బంచరాయి, గైరాన్ అనే మాటలు చూసి ఉంటారు. దున్నకుండా పశువుల మేతకు వదిలిన భూములు అవి. హైదరాబాద్‌లో 2025లో నాలుగు వందల ఎకరాల గొడవతో కంచ గచ్చిబౌలి పేరు దేశమంతా వినిపించింది కదా, ఆ పేరులో ఉన్న కంచ కూడా ఇదే. హిమా కూడా ఆ జాతిదే, కాకపోతే ఇంకా పాతది, ఇంకా కట్టుదిట్టమైనది.

ఇస్లాం రాకముందు హిమా అంటే బలవంతుడి సొత్తు. అరబ్బుల పాత కథల్లో కులైబ్ అనే తెగ పెద్ద ఉంటాడు. తన కుక్క అరుపు వినపడినంత మేర మేత తనదే అనేవాడట. ఒకసారి ఆయన మేత భూమిలోకి బసూస్ అనే ఆమెకు చెందిన ఒంటె పోయింది. దాన్ని ఆయన బాణం వేసి చంపాడు. ఆమె వైపు వాళ్లు ఆయన్ను చంపారు. దాని మీద తగ్లిబ్, బక్ర్ అనే రెండు తెగలు నలభై ఏళ్లు కొట్టుకున్నాయని చెబుతారు. ఏళ్ల లెక్క కథకులది కావచ్చు, కానీ ఒక ఒంటె గడ్డి కొరికితే యుద్ధం వచ్చేంత విలువ ఆ గడ్డికి ఉండేదని మాత్రం అర్థమవుతుంది.

ప్రవక్త ముహమ్మద్ కాలంలో ఇది మారింది. ఏ పెద్దమనిషీ తన సొంతానికి మేత భూమి కట్టుకోకూడదని, హిమా ఉంటే అందరి మేలు కోసమే ఉండాలని నియమం పెట్టారు. మదీనా దగ్గర నఖీ అనే లోయను సైన్యం గుర్రాల మేతకు అలా కాపాడి ఉంచారు. తర్వాత ఖలీఫా ఉమర్ (634 నుంచి 644 దాకా పాలించారు) రబధా దగ్గర పెద్ద హిమా పెట్టారు. రబధా మదీనాకు తూర్పున, ఇరాక్ నుంచి హజ్ యాత్రికులు వచ్చే దారిలో ఉంటుంది. ఇప్పుడు పాడుబడిన ఊరు, 1979 నుంచి కింగ్ సౌద్ యూనివర్సిటీ వాళ్లు అక్కడ తవ్వకాలు జరిపారు.

ఈ రబధా సంగతిలో నాకు నచ్చిన ముక్క ఒకటి ఉంది. హిమా కాపలాకు హునై అనే తన మనిషిని పెట్టి, ఖలీఫా ఆయనకు చెప్పిన మాటలు బుఖారీ హదీసు గ్రంథంలో నమోదయ్యాయి. సారాంశం చెబుతాను. నాలుగు ఒంటెలో పది గొర్రెలో ఉన్న బీదవాణ్ని లోపలికి రానివ్వు. అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్, ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ మందలను మాత్రం రానివ్వకు. వాళ్ల పశువులు చచ్చినా వాళ్లకు ఖర్జూర తోటలున్నాయి, పొలాలున్నాయి. బీదవాడి పశువులు చస్తే వాడు పిల్లల్ని వెంటబెట్టుకుని నా గుమ్మం ముందుకు వస్తాడు. అప్పుడు వాడికి వెండి బంగారం ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డీ నీళ్లూ ఇవ్వడం నాకు తేలిక.

ఆ ఇద్దరూ ఎవరనుకున్నారు? ప్రవక్తకు అతి దగ్గరివాళ్లు, ఉస్మాన్ ఆ తర్వాత తానే ఖలీఫా అయ్యారు. అంత పెద్దవాళ్ల పేర్లు పెట్టి మరీ ఆపమన్నారు. మేత తక్కువయినప్పుడు ముందు ఎవరి మంద బయటికి పోవాలి అన్నది గడ్డి తూచితే తేలదు. దాన్ని మనుషులు తేల్చాలి. ఆయన తేల్చారు. నేను చదివినవాటిలో, ఎన్ని జీవాలు అన్న ప్రశ్నకు ఎవరి జీవాలు అనే ప్రశ్నను జతచేసి సూటిగా జవాబిచ్చింది ఇక్కడే.

ఖలీఫాల హిమాలు పోయినా ఊళ్ల హిమాలు మిగిలాయి. ముఖ్యంగా తాయిఫ్ నుంచి దక్షిణాన అల్ బాహా, అసీర్ కొండల దాకా ఒక్కో ఊరికి, ఒక్కో తెగకు ఒక్కో హిమా ఉండేది. అన్నిటి పద్ధతి ఒకటి కాదు. కొన్నింటిలోకి పశువు అడుగే పెట్టకూడదు, కరువు వచ్చినప్పుడు ఇంటికి ఇంతమంది అని కొడవలితో కోసుకుపోవచ్చు. కొన్ని ఫలానా కాలంలోనే తెరుస్తారు. కొన్నింట్లో ఏడాదంతా మేపవచ్చు కానీ ఏ రకం పశువు, ఎన్ని అన్నది ఊరు కూర్చుని చెబుతుంది. తేనె కోసం పూలు రాలేదాకా మూసేవి ఉన్నాయి. చెట్ల కోసమే ఉంచినవీ ఉన్నాయి, అక్కడ కట్టె కొట్టాలంటే ఎవరిదైనా ఇల్లు కాలిపోవడంలాంటి కారణం కావాలి. తప్పితే జరిమానా. ఊళ్లో కాపలా మనిషి ఉండేవాడు. గేటు ఊరి చేతిలో ఉండేది.

కొండ ఊళ్ల సంగతి ఇది. మైదానంలో, ఎడారిలో తిరిగే బద్దూలకు గేటు పని నీళ్లే చేసేవి. ఎండాకాలం గొర్రెకు రోజూనో రోజు విడిచి రోజో నీళ్లు కావాలి. అందువల్ల మంద బావి చుట్టే ఉంటుంది. బావికి దూరంగా ఎంత గడ్డి ఉన్నా ముట్టేవాడు లేడు. చలికాలం వాన ఎక్కడ పడిందన్న కబురు వస్తే అప్పుడు అటు కదులుతారు. అల్ ముర్రా తెగ వాళ్లు రుబ్ అల్ ఖాలీ ఇసుకల నుంచి కువైట్ సరిహద్దుల దాకా ఒంటెలతో పోయి వచ్చేవాళ్లు. వాన మొత్తానికే తప్పితే పశువులు చచ్చేవి, లేదంటే అమ్ముకునేవాళ్లు. మనుషులు ఏడ్చేవాళ్లు కానీ భూమి ఊపిరి పీల్చుకునేది. మళ్లీ మంద పెరగడానికి నాలుగైదేళ్లు పట్టేది, ఆలోపు గడ్డీ పెరిగేది. ఆ రోజులే బాగున్నాయని నేను అనడం లేదు. ఆకలి చావులు ఉన్న పద్ధతిని మెచ్చుకోవడం కడుపు నిండినవాడి పని. కానీ జీవాల సంఖ్య గడ్డికి కట్టేసి ఉండేది, అది మాత్రం నిజం.

ఆ తాడు తెగిన సంవత్సరం అడిగితే చాలామంది 1953 అంటారు. ఆ ఏడాది రాజాజ్ఞతో తెగల హిమాలను రద్దు చేశారు. కారణం చెడ్డది కాదు. దేశమంతా ఒకటయింది, ఫలానా తెగవాడే ఇక్కడ మేపాలి అంటే ఎలా, మేత భూమి అందరిదీ అన్నారు. తెగల మధ్య పాత పగలు తగ్గించాలన్న ఆలోచన అందులో ఉంది. కానీ అందరిదీ అయ్యాక కాపలా ఎవరిదీ కాకుండా పోయింది. నేను తియ్యకపోతే రేపు ఇంకొకడు వచ్చి తింటాడు అనుకున్నప్పుడు ఎవడూ సగం గడ్డి వదిలిపెట్టడు. మన లేబర్ క్యాంపులో కామన్ ఫ్రిజ్‌లో పెట్టిన పాల ప్యాకెట్ సంగతి మీకు తెలుసు.

1960ల్లో ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున ఉమర్ ద్రాజ్ అనే మేత భూముల నిపుణుడు ఇక్కడికి వచ్చారు. తాయిఫ్ చుట్టుపక్కల ఇంకా ఊరివాళ్లు పట్టుదలగా నిలుపుకున్న హిమాలు చూశారు. గోడకు ఇటు గడ్డి, అటు బోడి నేల. 1969లో ఆయన రాసినదాని ప్రకారం అప్పటికి దేశంలో సుమారు మూడు వేల హిమాలు ఉన్నాయి. 1980ల్లో మళ్లీ లెక్క చూస్తే వందకు లోపే తేలాయి. ద్రాజ్ ఈ పాత పద్ధతినే పట్టుకుపోయి సిరియాలో గొర్రెల సహకార సంఘాలకు నేర్పారు. పుట్టింట్లో పోతున్నది మెట్టినింట్లో మొలిచింది అన్నమాట.

ఇక ఆ తర్వాత వచ్చినవి రెండు: లారీ, బార్లీ. నా దృష్టిలో 1953 కంటే ఇవే ఎక్కువ పని చేశాయి. నీళ్ల ట్యాంకర్ లారీ వచ్చింది. ఇక్కడ దాన్ని వాయిత్ అంటారు, సైట్లో మనమూ అదే మాట వాడతాం. నీళ్లే మంద దగ్గరికి వచ్చాక బావికి దూరంగా ఉన్న గడ్డికి విశ్రాంతి పోయింది. ఎక్కడ వాన పడిందో ఫోనులో తెలుస్తుంది, రాత్రికి రాత్రి లారీల్లో మందలు దిగుతాయి, మొలక వేలెడు కాకముందే కొరికేస్తాయి. 1970ల మధ్యలో చమురు డబ్బు వచ్చాక ప్రభుత్వం బార్లీకి సబ్సిడీ ఇచ్చింది. చాలా ఏళ్లు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బార్లీ కొన్న దేశం సౌదీ. కరువులో గొర్రెలు చావడం ఆగింది. మంచిదే. కానీ బార్లీతో బతికిన గొర్రె ఖాళీగా కూర్చోదు. దానికి నార మేత కావాలి, రోజంతా తిరుగుతూ ఉన్న కొద్ది పొదలనూ వేర్ల దాకా గీకుతుంది. నేల మోయగలిగిన దానికంటే ఎక్కువ జీవాలు ఏడాదంతా దాని మీదే నిలిచాయి. అర్ఫజ్ లాంటి మేత పొదలు తరిగాయి, పశువు ముట్టని మొక్కలు మిగిలాయి. ఈ మధ్య బార్లీ సబ్సిడీ తీసేసి పెంపకందార్లకు నేరుగా డబ్బు ఇచ్చే పద్ధతికి మారారు. ఏం తేలుతుందో చూడాలి.

మూడో మార్పు ఒకటి ఉంది, పుస్తకాల్లో తక్కువ రాస్తారు. అది మనమే. బద్దూ కుటుంబాలు పట్నాల్లో స్థిరపడ్డాయి, మంద ఎడారిలో ఉండిపోయింది. మంద వెనక నడిచే మనిషిని బయటి నుంచి తెచ్చారు. సూడాన్ వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు, మన జగిత్యాల, నిజామాబాద్, కడప వాళ్లు. వెనకట గడ్డి చూసేవాడూ, మందను లేపే నిర్ణయం తీసుకునేవాడూ ఒకడే. ఇప్పుడు గడ్డి చూసేది ఒకడు, అంకె చెప్పేది ఇంకొకడు. ఆ అన్న రెండు వందల ఎనభై జీవాలలో ఒక్కదాన్ని తగ్గించలేడు. ఇక్కడ మేత అయిపోయిందని చెబితే ఇంకో పది బస్తాల షయీర్ వస్తుంది, అంతే. డొక్కలు చూడటం తెలిసిన మనిషికి అంతకంటే కష్టం ఏముంటుంది? జీతం కంటే ఎక్కువగా ఆ మాటే ఆయన నాతో చెప్పుకున్నాడు.

సంఘం పుస్తకం కాబట్టి ఇంకో మాట. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం వ్యవసాయం, పశుపోషణ సంస్థల్లో పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనివాళ్లుంటేనే వాళ్లకు వర్తిస్తుంది. ఒక కఫీల్ మంద దగ్గర ఒంటరిగా ఉన్న కాపరి దాని బయట. 2021 మార్చిలో ఉద్యోగం మారే సౌలభ్యం వచ్చినప్పుడు కూడా ఇంటి పనివాళ్లతో పాటు కాపరులను పక్కన పెట్టారు. వీసా మీద ఏం రాసి ఉందో ఎక్కే ముందే ఎవరితోనైనా చదివించుకోండి. ఏజెంటు నోటి మాట వద్దు.

మన గడ్డ మీద కథ వేరుగా నడిచింది, కానీ ప్రశ్న అదే. మద్రాసు ప్రభుత్వం 1882 అడవుల చట్టం తెచ్చి అడవిలో మేతకు తలకు ఇంత అని పుల్లరి వసూలు చేసింది. అడవిని కాపాడటానికే అన్నారు. పల్నాడు రైతులు కట్టం అన్నారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతును పోలీసులు కాల్చి చంపారు. నిజాం వైపు కొమరం భీమ్ పోరాటంలో కూడా పశువుల మేత మీద పన్ను ఒక ముఖ్యమైన బాధ, ఆయన 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చాడు. మా తెలంగాణ పల్లెల్లో దొరల ఇంట్లో పండగొస్తే గొల్ల కురుమలు ఊరికే గొర్రెను తోలాల్సిందే. పుల్లరి పద్ధతిలోనూ జీవాలను లెక్కపెట్టేవాళ్లు. కానీ ఆ లెక్క ఖజానా కోసం. తల పెరిగితే సర్కారుకు రాబడి పెరుగుతుంది, గడ్డికి ఒరిగేది ఏమీ లేదు. రబధా కాపలావాడికి చెప్పిన దానికీ దీనికీ ఎంత దూరమో చూడండి.

2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల కురుమలకు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీతో ఇచ్చింది. మా చుట్టాలు కూడా తీసుకున్నారు, కొందరు నిలబడ్డారు కూడా. నాకు పథకం మీద కోపం లేదు. కానీ గొర్రెలను లెక్కపెట్టినవాళ్లు ఊరి బంచరాయి ఎంత మిగిలిందో కూడా కొలిచి ఉంటే బాగుండేది. వెనకట మందలు ఎండాకాలం గోదారి ఒడ్డుకు, అడవుల దిక్కు పోయేవి. కోతలయ్యాక రైతులు పిలిచి పొలంలో మంద కట్టించుకుని గింజలు ఇచ్చేవాళ్లు, ఎరువు వాళ్లది, మేత మనది. ఇప్పుడు రెండో పంట, హార్వెస్టరు, గడ్డి మందు. మంద తిరిగే దారులే లేవు.

కంచె వేస్తే చాలు కదా అనేవాళ్లకు ఇక్కడిదే ఒక ఉదాహరణ చెబుతాను. మేము పనిచేసిన అదే హైవేకు దగ్గర్లో మహాజత్ అస్ సైద్ అనే రక్షిత ప్రాంతం ఉంది. 1986లో వన్యప్రాణి సంరక్షణకు జాతీయ సంస్థ పెట్టాక, 1989లో రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన ఉన్న ఈ నేలకు చుట్టూ కంచె వేశారు. గొర్రెలు, ఒంటెలు బయటికి పోయాయి. కొన్నేళ్లలోనే గడ్డి తిరిగి వచ్చింది. ఎడారి నుంచి మాయమైన తెల్ల ఓరిక్స్ జింకలను 1990లో మళ్లీ వదిలారు, అవి పెరిగాయి. ఇంతవరకు పండగే. తర్వాత కరువు వచ్చింది. 1999లోనూ, ఆ తర్వాతి కరువుల్లోనూ వందలకొద్దీ ఓరిక్స్‌లు, ఇంకా ఎక్కువ ఇసుక జింకలు లోపలే చచ్చిపోయాయి. కంచె లేకుంటే అవి వాన పడిన దిక్కుకు పోయేవి. కంచె వల్ల గొర్రె లోపలికి రాలేదు, జింక బయటికి పోలేదు. పైన మనం వేసిన లెక్కలో కదిలే అంకె అన్నానే, అదే ఇది. మంచి ఏడాది గడ్డి చూసి పెరిగిన మందకు చెడ్డ ఏడాది జవాబు ఎవరో ఒకరు ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఆ అన్న పోయిన ఏడాది ఎగ్జిట్ మీద ఇంటికి పోయాడు. రెండు నెలల కింద ఫోన్ చేశాడు. ఇరవై అయిదు గొర్రెలు కొన్నాడట. "తమ్మి, ఎడారి లెక్క జెప్పినవు గద, ఇప్పుడు మా ఊరిది జెప్పు." చట్రం చేసి పది చోట్ల కోయమన్నాను. వానాకాలం చివర కోసి, ఎండబెట్టి, కిరాణా దుకాణం కాంటా మీద తూచాడు. మీటరుకు నూట యాభై గ్రాములు. ఊరి బంచరాయి కాగితం మీద నూరెకరాల పైన ఉంది, నడిచి చూస్తే అరవై మిగిలింది. అరవై ఎకరాలంటే ఇరవై నాలుగు హెక్టార్లు. హెక్టారుకు పదిహేను వందల కిలోలు, మొత్తం ముప్పై ఆరు వేలు. మూడో వంతు తినిపిస్తే పన్నెండు వేలు. మన దిక్కు జీవం చిన్నది, రోజుకు కిలోం పావు లోపే, కిలో రెండు వందలు వేశాను. ఏడాదంతా అక్కడే మేపితే ఇరవై ఏడు. అయిదు నెలలు మేపి, మిగతా ఏడు నెలలు కోత పొలాలకో ఇంకెక్కడికో లేపితే అరవై ఆరు.

"నా ఇరవై అయిదుకు సరిపోతది గదా మరి" అన్నాడు సంతోషంగా. ఆగి, తనే మళ్లీ అన్నాడు, "కాని ఆ గుట్ట కింద ఇంక మూడు మందలున్నయి తమ్మి. అందరియి కలిపితే రెండు వందలు దాటుతయి."

అందులో ఒకరిది నూట పది. ఆయనకు ఊళ్లో రెండు పంటల పొలం ఉంది, పట్నంలో షాపు ఉంది. ఇంకొకామెకు పన్నెండే, మొగుడు లేడు, వేరే ఆధారం లేదు. నేను రబధా సంగతి చెప్పాను. అన్న చాలాసేపు ఏమీ అనలేదు. వచ్చే ఆదివారం బీరప్ప గుడి కాడ నలుగురూ కూసుంటమన్నాడు, లెక్క తెలుగులో రాసి పంపమన్నాడు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఫోటో తీసి పంపాను.